టెరిటోరియల్ ఆర్మీలో ఫిరంగి రెజిమెంట్లు నిజంగా ఉండేవా? మా తాత కాగితాలు చూసి చెప్పండి

సిరిసిల్ల_మనవడు:

నమస్తే అందరికీ. మా సొంతూరు సిరిసిల్ల. ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి టోలీచౌకిలో ఉంటున్నా. రోజూ పొద్దున గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ వైపు నుంచే బండి మీద పోతాను, కానీ మా ఇంట్లోనే ఒక గన్నర్, అంటే ఫిరంగి దళం (ఆర్టిలరీ) సిపాయి, ఉన్నాడని మొన్న దసరాకు ఊరెళ్లేదాకా నాకు సరిగ్గా తెలియదు.

మా అమ్మవాళ్ల నాన్న 1950ల చివర్లో బొంబాయి వెళ్లి పరేల్ వైపు బట్టల మిల్లులో చేరాడు. మా దిక్కు నుంచి అప్పట్లో చాలామంది అట్లే పోయేవాళ్లు. 2009లో పోయాడు. మొన్న పాత ఇల్లు విప్పుతుంటే అటక మీద రేకు పెట్టె దొరికింది. అందులో రెండు మెడల్స్, ఒక ఫొటో, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక కాగితం ఉన్నాయి. కాగితం మీద ఇంగ్లిష్‌లో తాత పేరు, దాని ముందు గన్నర్ అని, పక్కన టీఏ అని ఉంది. టీఏ అంటే టెరిటోరియల్ ఆర్మీ, వేరే ఉద్యోగం చేసుకుంటూనే ఖాళీ రోజుల్లో చేసే సైన్యం, అనుకుంటున్నా. ఫొటోలో ఒక ఫిరంగి, దాని మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు, చుట్టూ నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. కూర్చున్నవాళ్లలో ఒకరు తాతే.

అమ్మ ఏమంటుందంటే, "మీ తాత ఆదివారం మిలిట్రీకి పోయేటోడు, సోమవారం మళ్ల మిల్లుకు పోయేటోడు, మధ్యలో రెండుసార్లు మాత్రం నెలల తరబడి ఇంటికి రాలేదు" అని. మా మామయ్య అస్సలు ఒప్పుకోడు. ఆదివారం ఆదివారం ఫిరంగి పేల్చే మిలిట్రీ ఎక్కడైనా ఉంటుందా, మిల్లు వాచ్ అండ్ వార్డ్‌లో, అంటే కాపలా పని చేసుంటాడు, ఫొటో ఎక్కడో ఎగ్జిబిషన్‌లో దిగి ఉంటాడు అంటాడు. పండగ పూట ఇద్దరికీ మాటామాటా పెరిగింది, అమ్మ చాలా బాధపడింది.

ఇంకో విషయం, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. తాతకు ఎడమ చెవి సరిగ్గా వినపడేది కాదు. అమ్మమ్మ ఎప్పుడూ ఆయనకు కుడి పక్కనే కూర్చుని మాట్లాడేది. మిల్లులో మగ్గాల చప్పుడుకు పోయిందని మేమంతా అనుకున్నాం.

నేను అడిగేది ఏంటంటే, టెరిటోరియల్ ఆర్మీలో ఆర్టిలరీ రెజిమెంట్లు ఉండేవా? ఉంటే ఇప్పుడు ఎందుకు లేవు? ఆ రెజిమెంట్ చరిత్ర ఎక్కడైనా దొరుకుతుందా?

పాత_గన్నర్:

బాబూ, ఉండేవి. మీ అమ్మగారి మాట కొట్టిపారేయొద్దని మీ మామయ్యకు ముందు చెప్పు. నేను ఆర్టిలరీలో ఇరవై ఎనిమిదేళ్లు చేసి సుబేదార్‌గా రిటైరయ్యాను, ఇప్పుడు తిరుమలగిరిలో ఉంటున్నా. నేను భర్తీ అయ్యేనాటికి టెరిటోరియల్ వాళ్ల గన్నులు పోయి చాలా కాలమైంది. కానీ సెంటర్‌లో మాకు పాఠం చెప్పిన పాత ఉస్తాద్‌లలో వాళ్లతో కలిసి క్యాంప్ చేసినవాళ్లు ఉండేవాళ్లు.

అయితే ఒక జాగ్రత్త. గన్నర్ పక్కన టీఏ అని ఉన్నంత మాత్రాన అది టెరిటోరియల్ ఆర్మీ అనుకోవద్దు. మా దగ్గర టీఏ అంటే టెక్నికల్ అసిస్టెంట్ కూడా. అది ఒక ట్రేడ్. ఫీల్డ్ గన్ దగ్గర నిలబడ్డవాడికి టార్గెట్ కనపడదు, అది కొండ అవతల ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ముందు ఓపీలో, అంటే టార్గెట్ కనపడే చోట కూర్చున్న ఆఫీసర్ చూసి చెబుతాడు. ఆ లెక్క తీసి, మ్యాప్ మీద దూరం, దిశ, ఎత్తు తేడా, గాలి, ఫిరంగి మందు వేడి అన్నీ కలిపి గన్‌కు ఎంత కోణం పెట్టాలో చెప్పేవాడే టీఏ. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇదంతా టేబుళ్లు, స్కేళ్లు, పెన్సిల్‌తోనే. లెక్కల్లో చురుకైన పిల్లల్నే దానికి తీసుకునేవాళ్లు. కాబట్టి మీ తాత రెగ్యులర్ ఆర్మీలో టెక్నికల్ అసిస్టెంట్ కూడా అయి ఉండొచ్చు, ముందు అది తేలాలి.

మూడు పనులు చెయ్యి. ఒకటి, మెడల్ అంచు చూడు. మన మెడల్స్ అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. బ్రాసో పెట్టి రుద్దొద్దు, అక్షరాలు పోతాయి. మెత్తటి గుడ్డతో తుడిచి వెలుతురు పక్కనుంచి పడేట్టు పెట్టి చూడు. రెండు, ఫొటోలో గన్‌కు ఎన్ని చక్రాలున్నాయో చూడు. రెండు చక్రాలు, ముందు రక్షణ రేకు, కింద గుండ్రటి పళ్లెం లాంటిది ఉంటే అది 25 పౌండర్, అప్పటి ఫీల్డ్ గన్. నాలుగు చక్రాల బండి, సన్నటి పొడుగు గొట్టం, గొట్టం చివర గరాటు లాగా విప్పుకుని ఉంటే అది బోఫోర్స్. 1980ల్లో పేపర్లలో నలిగిన బోఫోర్స్ కాదు, ఇది 40 మిల్లీమీటర్ల పాత విమాన విధ్వంసక గన్. మూడు, తాత ఏ సీట్లో కూర్చున్నాడో చూసి చెప్పు, ఫొటో ముందునుంచి తీశారా వెనకనుంచి తీశారా అనేది కూడా.

కాగితం వెనక వైపు కూడా చూడు. పాత రికార్డుల్లో అసలు విషయం చాలాసార్లు వెనకే ఉంటుంది.

సిరిసిల్ల_మనవడు:

సుబేదార్ సాబ్, చాలా థ్యాంక్స్. ఊరికి ఫోన్ చేసి మా తమ్ముడితో వీడియోలో అన్నీ చూపించమన్నాను. వాడు గంటసేపు టార్చ్ పట్టుకుని కూర్చున్నాడు.

మెడల్స్ ఒకటి రక్షా మెడల్ 1965, ఇంకోటి సంగ్రామ్ మెడల్. అంచు మీద నంబరు, జీఎన్ఆర్ (గన్నర్), తాత పేరు, ఆర్టీ (ఆర్టిలరీ) అని ఉన్నాయి, తర్వాత అరిగిపోయింది. అంటే వాచ్ అండ్ వార్డ్ కాదని తేలింది. గన్‌కు నాలుగు చక్రాలు, గొట్టం చివర గరాటు, మీరు చెప్పినట్టే.

కాగితం వెనక రెండు స్టాంపులున్నాయి. 1965 సెప్టెంబర్ తేదీ పక్కన ఎంబాడీడ్ అని, 1966 తేదీ పక్కన డిస్‌ఎంబాడీడ్ అని. కింద చేత్తో రాసింది మళ్లీ 1971లో ఎంబాడీడ్, ఆఖరి వరుస 1972 డిశ్చార్జ్. ఈ ఎంబాడీడ్ అంటే ఏంటి సార్? ఫొటో సంగతి తమ్ముడు ఇంకోసారి చూసి చెప్తానన్నాడు, బాగా మసకగా ఉంది.

పాత_గన్నర్:

అయితే తేలిపోయింది బాబూ. ఇక అనుమానం లేదు. రెగ్యులర్ సిపాయి కాగితం మీద ఎంబాడీడ్ అనే మాటే రాదు, వాడు భర్తీ అయిన రోజు నుంచి పెన్షన్ దాకా సర్వీసులోనే ఉంటాడు. టెరిటోరియల్ వాడిని మాత్రం అవసరం పడ్డప్పుడు పిలిచి పూర్తికాలం సర్వీసులోకి తీసుకుంటారు, దాన్ని ఎంబాడీమెంట్ అంటారు. పని అయ్యాక ఇంటికి పంపిస్తే డిస్‌ఎంబాడీడ్. మీ తాత రెండు యుద్ధాలకూ పిలుపు అందుకున్న టెరిటోరియల్ గన్నర్. ఆయనకు నా సెల్యూట్.

లంగర్‌హౌజ్_పుస్తకాలు:

ఈ ప్రశ్న చూసి చాలా సంతోషమేసింది, ఎందుకంటే ఈ విషయం గురించి మన భాషలో ఎవరూ పట్టించుకోరు. నాకు తెలిసింది కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపికగా చదవండి.

1857 తర్వాత బ్రిటిష్‌వాళ్లు నేర్చుకున్న మొదటి పాఠం, ఫిరంగి భారతీయుడి చేతిలో పెట్టకూడదని. అప్పటిదాకా ఉన్న నేటివ్ ఆర్టిలరీ దాదాపు మొత్తం రద్దు చేశారు. మిగిలినవి కొన్ని మౌంటెన్ బ్యాటరీలు (బ్యాటరీ అంటే కొన్ని ఫిరంగుల దళం), ఇంకా మన హైదరాబాద్ కంటింజెంట్ ఫీల్డ్ బ్యాటరీలు. అవును, నిజాం ఖర్చుతో బ్రిటిష్ ఆఫీసర్ల కింద నడిచిన ఆ కంటింజెంటే. దాన్ని కూడా 1903లో సైన్యాధిపతి కిచెనర్ సంస్కరణల్లో విడగొట్టి ఇండియన్ ఆర్మీలో కలిపేశారు, బ్యాటరీలు పోయాయి. ఒకప్పుడు నిజాం కొలువులోని ఫ్రెంచ్ సేనాని రేమండ్ ఫిరంగులు పోతపోయించిన ఊరు మనది, గన్‌ఫౌండ్రీ అనే పేరు అట్లా వచ్చిందే.

రిజర్వు సైన్యంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1920లో రెండు వేర్వేరు దళాలు పెట్టారు. యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఆక్సిలరీ ఫోర్స్. భారతీయులకు ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్. ఆక్సిలరీ ఫోర్స్‌లో గుర్రపు దళాలు, ఫిరంగి బ్యాటరీలు అన్నీ ఉండేవి, కలకత్తా దగ్గర కాసీపూర్ ఆర్టిలరీ లాంటివి. అంతకు ముందు మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ల వాలంటీర్ బ్యాటరీలు తూర్పు ఆఫ్రికాకు, మెసపొటేమియాకు కూడా వెళ్లాయి. మరి భారతీయుల టెరిటోరియల్ ఫోర్స్‌లో ప్రధానంగా పదాతి దళాలే. అంటే ఒక ఊళ్లో, ఒకే ఆఫీసులో పక్కపక్కన పనిచేసే ఇద్దరు గుమాస్తాల్లో ఒకడు ఆదివారం ఫిరంగి నేర్చుకోవచ్చు, రెండోవాడికి రైఫిల్ మాత్రమే. నాకు ఇది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

రెగ్యులర్ ఆర్మీలో కూడా ఫీల్డ్ ఆర్టిలరీ భారతీయులకు ఇచ్చింది చాలా ఆలస్యంగా, 1935 జనవరి 15న బెంగళూరులో 'ఎ' ఫీల్డ్ బ్రిగేడ్ పెట్టినప్పుడు. ఆర్టిలరీలో కమిషన్ పొందిన మొదటి భారతీయ ఆఫీసర్ ప్రేమ్ సింగ్ జ్ఞానీ కూడా ఆ కాలంవాడే.

ఇప్పుడు తాతగారి సంగతికి వస్తే, స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం వచ్చింది, 1949 అక్టోబర్ 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి దాన్ని ప్రారంభించారు. ఇప్పటికీ అక్టోబర్ 9నే టెరిటోరియల్ ఆర్మీ డే. ఈసారి మాత్రం పదాతి దళం ఒక్కటే కాదు, ఆర్మర్డ్ (ట్యాంకుల) రెజిమెంట్, మీడియం ఆర్టిలరీ, ఎయిర్ డిఫెన్స్ (విమాన విధ్వంసక దళం), తీరం కాపలా కాసే కోస్టల్ బ్యాటరీలు, ఇంజినీర్లు, సిగ్నల్స్, వర్క్‌షాపులు, ఫీల్డ్ అంబులెన్సులు అన్నీ పెట్టారు. నాకు ఇందులో గొప్పగా అనిపించేది ఇదే, తొంభై ఏళ్ల పాటు నమ్మకూడదని పక్కన పెట్టిన చేతుల్లో, మిల్లు కూలీలు, గుమాస్తాల చేతుల్లో, కొత్త ప్రభుత్వం వచ్చిన రెండేళ్లకే ఫిరంగులు పెట్టింది. ఊళ్లవాళ్లకు ప్రొవిన్షియల్ యూనిట్లు, ఏడాదికోసారి పిలిచి శిక్షణ ఇచ్చేవాళ్లు. నగరాలవాళ్లకు అర్బన్ యూనిట్లు, వాటిలో పరేడ్ సాయంత్రాలు, సెలవు రోజుల్లో, పైన ఏడాదికో క్యాంప్. మీ అమ్మగారు చెప్పిన ఆదివారం మిలిట్రీ అచ్చంగా ఇదే.

ఎందుకు పోయాయంటే, 1972 నాటికి పదాతి దళాలు తప్ప ఈ యూనిట్లన్నిటినీ కొన్ని రద్దు చేసి, కొన్ని రెగ్యులర్ ఆర్మీలో కలిపేశారు. తాతగారి డిశ్చార్జ్ 1972 కావడం అందుకే కావచ్చు. నా ఆలోచన చెప్పాలంటే, రైఫిల్ పట్టుకునేవాడు ఏడాదికి రెండు నెలలు చేసినా పనికొస్తాడు, కానీ గన్, రాడార్, ప్రిడిక్టర్ (విమానానికి గురి లెక్కగట్టే యంత్రం) లాంటివి ముదురుతున్న కొద్దీ ఆదివారం శిక్షణ చాలదు. నిర్ణయం తప్పని నేను అనను. కానీ రద్దు చేసేటప్పుడు ఆ రెజిమెంట్ల కథ ఎవరో ఒకరు రాసి పెట్టాల్సింది. బ్రిటన్‌లో 1537లో రాజు చార్టర్ ఇచ్చిన ఆనరబుల్ ఆర్టిలరీ కంపెనీ ఇప్పటికీ రిజర్వు రెజిమెంట్‌గా నడుస్తోంది, వాళ్లకు సొంత మ్యూజియం, రికార్డులు ఉన్నాయి. మనవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా గన్నులు నడిపితే మనవడికి రేకు పెట్టెలో చిరిగిన కాగితం మిగిలింది.

ఇప్పుడు టెరిటోరియల్ ఆర్మీ అంటే జనానికి ధోనీ, మోహన్‌లాల్ యూనిఫాం ఫొటోలే గుర్తొస్తాయి. మన సికింద్రాబాద్‌లోనే 125 పదాతి బెటాలియన్ ఉందని కూడా చాలామందికి తెలియదు.

లాలాగూడ_అమ్మాయి:

మా నాన్న రైల్వేలో ఫిట్టర్, రైల్వే టెరిటోరియల్ యూనిట్‌లో పదకొండేళ్లు ఉన్నారు. ఆర్టిలరీ కాదు కాబట్టి గన్నుల గురించి చెప్పలేను, ఇంటి సంగతి మాత్రం చెప్పగలను.

మా అమ్మ ఎప్పుడూ చెప్పేది, రెగ్యులర్ మిలిట్రీ భార్యకైతే భర్త మిలిట్రీలో ఉన్నాడని లోకమంతా ఒప్పుకుంటుంది, క్వార్టర్ ఉంటుంది, క్యాంటీన్ ఉంటుంది, పక్కింట్లో అదే కష్టంలో ఉన్న ఇంకో ఆవిడ ఉంటుంది. మాకు అవేమీ లేవు. నాన్నకు పిలుపు వస్తే మా వీధిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఫిట్టర్ పనికి పోయేవాడు బూట్లు, ట్రంకు పెట్టె పట్టుకుని ఎటు పోతున్నాడని అడిగేవాళ్లు. తిరిగి వచ్చాక మర్నాడే మళ్లీ మామూలు షిఫ్ట్. చట్టం ప్రకారం పాత ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవాలి కాబట్టి ఉద్యోగం పోలేదు, మీ తాతగారిని మిల్లు వాళ్లు తిరిగి తీసుకున్నదీ అందుకే అయి ఉంటుంది.

పెన్షన్ విషయం అడుగుతారేమో అని ముందే చెబుతున్నా. జవాన్లకు పెన్షన్ రావాలంటే ఎంబాడీడ్ సర్వీసు మొత్తం కలిపి పదిహేనేళ్లు ఉండాలి. ఆదివారం పరేడ్‌లు అందులో లెక్కకు రావు. రెండు యుద్ధాల్లో కలిపి ఏడాదో రెండేళ్లో చేసినవాళ్లకు ఏమీ రాదు. ఆశ పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగకండి, మా నాన్న తిరిగి తిరిగి అలిసిపోయారు. నాకు ఇప్పటికీ ఇది అన్యాయమే అనిపిస్తుంది, పిలిచినప్పుడు రానన్నవాళ్లు కాదు కదా వాళ్లు.

మీ అమ్మగారి మాట ఇంట్లో అందరి ముందు నిలబెట్టండి తమ్ముడూ. ఆ తరం ఆడవాళ్ల దగ్గర కాగితాలు ఉండవు, మాటే ఉంటుంది.

పాత_గన్నర్:

అమ్మా, బాగా చెప్పావు.

బాబూ, ఇప్పుడు రికార్డు సంగతి. ఆర్టిలరీ జవాన్ల రికార్డులు గోల్కొండలో ఉండవు, ఇక్కడ సెంటర్ 1962లో పెట్టారు, ఇది శిక్షణకు. రికార్డ్ ఆఫీసు నాసిక్ రోడ్ క్యాంప్‌లో ఉంది. అక్కడికి మీ అమ్మగారి పేరు మీద దరఖాస్తు పెట్టించు, కూతురు కాబట్టి ఆవిడ రాస్తేనే బలం. మెడల్ అంచు మీది నంబరు తప్పు లేకుండా రాయాలి, ఆ నంబరే అన్నిటికీ తాళంచెవి. తాతగారి మరణ ధ్రువపత్రం, అమ్మగారి గుర్తింపు కార్డు, కాగితం రెండు వైపులా జిరాక్స్, మెడల్ అంచు ఫొటో జతచెయ్యి. కాగితం లామినేషన్ చేయించొద్దు. దరఖాస్తు రాయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో సాయం చేస్తారు.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. 1994 జనవరి 10న ఎయిర్ డిఫెన్స్ ఆర్టిలరీ నుంచి విడిపోయి వేరే కోర్ అయింది, దాని సెంటర్ ఒడిశాలో గోపాల్‌పూర్. ఆయన నడిపింది విమాన విధ్వంసక గన్ కాబట్టి నాసిక్ నుంచి జవాబు రాకపోతే అటు కూడా రాయి. యూనిట్ పేరు దొరికితే వార్ డైరీ, అంటే యుద్ధంలో యూనిట్ రోజూ రాసిపెట్టే రికార్డు, వెతకొచ్చు. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్ల తర్వాత బయటపెట్టాలని 2021లో రక్షణ శాఖ పాలసీ తెచ్చింది.

రెజిమెంట్ రద్దయితే ఏం మిగులుతుందని నువ్వు అడిగినట్టే అనిపించింది నాకు. పదాతి దళాలకు జెండాలుంటాయి, రద్దయినా జెండా ఎక్కడో భద్రంగా పెడతారు. ఆర్టిలరీలో మాకు వేరే జెండా లేదు, గన్నే మా జెండా. పరేడ్‌లో గన్ ముందుకొస్తే లేచి నిలబడతాం. రెజిమెంట్ పోతే ఆ గన్ ఇంకో యూనిట్‌కో డిపోకో పోతుంది. అందుకే ఆ ఫొటోకు నువ్వు అనుకునే దానికంటే ఎక్కువ విలువ ఉంది. మంచి స్కాన్ తీయించి ఒక కాపీ నాకు పంపు.

తాత ఏ సీట్లో ఉన్నాడో మాత్రం నువ్వింకా చెప్పలేదు.

సిరిసిల్ల_మనవడు:

ఆలస్యమైంది సార్, క్షమించండి. శనివారం నేనే ఊరెళ్లి ఫొటో తెచ్చి అబిడ్స్‌లో స్కాన్ చేయించాను. ఫొటో ముందునుంచి తీశారు, గొట్టం మన వైపే ఉంది. తాత మనకు ఎడమ చేతి వైపు సీట్లో ఉన్నాడు, తల మీద టోపీ, చేతులు ముందున్న పిడుల మీద. వెనక నిలబడ్డ ఒకతని చేతిలో నాలుగు రౌండ్లు కలిపి కట్టినట్టుంది.

దరఖాస్తు అమ్మ పేరు మీద రాసి నిన్న రిజిస్టర్డ్ పోస్టులో నాసిక్‌కు పంపాను.

పాత_గన్నర్:

చేతిలో ఉన్నది క్లిప్, బోఫోర్స్‌కు రౌండ్లు నాలుగేసి పైనుంచి పెడతారు. నిమిషానికి 120 దాకా పేలే గన్ అది, పెట్టేవాడికి ఊపిరి తీసుకునే టైం ఉండదు. ఇక కూర్చున్న ఇద్దరూ లేయర్లు. ఒకరు గొట్టాన్ని పక్కలకు తిప్పుతారు, ఇంకొకరు పైకీ కిందికీ. ఆ పిడులు అందుకే. గొట్టం ఇద్దరికీ మధ్యలో ఉంటుంది.

ముందునుంచి తీసిన ఫొటోలో మనకు ఎడమ పక్క కనపడ్డాడంటే ఆయన గన్‌కు కుడి పక్క సీట్లో కూర్చున్నట్టు. ఇప్పుడు నువ్వే కుర్చీలో కూర్చుని చూసుకో. కుడి సీట్లో ఉన్నవాడికి గొట్టం ఎడమ చెవి పక్కనే ఉంటుంది. అప్పట్లో చెవులకు మాకిచ్చింది దూది.

సిరిసిల్ల_మనవడు:

సార్, మీరు రాసింది అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మామయ్యకు ఫోన్ ఇచ్చి, అదే ముక్క మళ్లీ చదవమంది.